టేకలు గుట్టయు, కుండలినీ ద్వీపమును

ఈ ప్రత్యేక సంచికకై టేకలు చరిత్రను గూర్చి నాలుగు పుటలు వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు మేము సంతోషముతో సమ్మతించితిమి. కాని కలము పట్టి కూర్చున్న పిమ్మట ఒక చిక్కు కలిగినది. టేకలును ఏలిన రాజులను గూర్చి మేము ఎరిగినది ఒక పుటకు మించదు. భూమిపై ఎన్నడును లేని ఒక రాజ్యమును గూర్చి మాత్రము, దాని రాజెవరు, సేనాని ఎవరు, దాని నావలు ఏ తీరమునకు కొట్టుకొనిపోయినవి, ఆ తీరమున కాచియున్న మాంత్రికులు ఎట్టివారు అను సంగతులన్నియు పదియేండ్ల వయస్సునుండియు ఎరుగుదుము. మా యింటనే కాదు, ఈ జిల్లాలో తెలుగు మాటలాడు ఇండ్లు పెక్కింట ఇదియే స్థితి. కావున ఉన్న రాజ్యమును, లేని రాజ్యమును కలిపియే వ్రాయుచున్నాము. కార్యదర్శిగారు మన్నింతురుగాక.

ముందుగా ఉన్న రాజ్యము. బెంగుళూరునుండి బంగారుపేటకు పోవు రైలులో మాలూరు దాటిన తరువాత టేకలు స్టేషను వచ్చును. గుండుమీద గుండు పేర్చి ఎవరో విడిచిపోయినట్లుండు గుట్టలు రైలునుండియే కానవచ్చును. 15వ శతాబ్దపు పూర్వార్ధమున సాళువ గోపరాజు ఇచటనుండి ఏలెనని శాసనములవలన తెలియుచున్నది. బి. ఎల్. రైసు దొరగారు కోలారు జిల్లా శాసనములను సేకరించి ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదవ సంపుటముగా 1905లో అచ్చువేయించినప్పుడు టేకలు శాసనములును అందు చేరినవి. ఈ సాళువ వంశమువాడే అయిన నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనము నెక్కెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన ‘జైమిని భారతము’ను అంకితమిచ్చినది ఆయనకే. అనగా మన గుట్టకును తెలుగు కావ్యమునకును దూరపు చుట్టరికమైనను కలదు. బడిలో ఎవరును దీనిని మాకు చెప్పలేదు. యాబదియేండ్లు దాటిన పిదప మేమే చదివి తెలిసికొంటిమి.

అయితే శాసనము చెప్పునది వేఱు, పిల్లవాడు అడుగునది వేఱు. ఏ దేవునికి ఏ భూమిని ఇచ్చిరి, దాని ఎల్లలు ఎట్టివి, ఆ ధర్మమును చెఱచినవాడు ఏ పాపమున పోవును, ఇవి శాసనమున నుండును. గోపరాజు ఒకనాటి రాత్రి గుట్టమీద నిలిచి ఆకాశమున ఏమి చూచి బెదరెనో ఉండదు. మా చిన్నతనమున ఆ గుట్టలవెంట మేకలు తోలుకొనిపోవు పిల్లలకు గోపరాజు పేరు తెలియదు. సమరసేనుని పేరు తెలియును.

సమరసేనుడు కుండలినీ ద్వీపపు సేనాని. ఆ ద్వీపమునకు రాజు చిత్రసేనుడు. వీరిరువురును 1954లో మద్రాసునుండి వెలువడుచుండిన ‘చందమామ’ మాసపత్రికలో ‘తోకచుక్క’ అను సీరియలున జన్మించిరి. చందమామను బి. నాగిరెడ్డిగారును చక్రపాణిగారును 1947 జూలైలో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఒక నెల ముందు, ప్రారంభించిరి. తమిళమున అదే ‘అంబులిమామ’ అయ్యెను. 1949లో కన్నడ చందమామ వచ్చెను. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రికలో చేరిరి. అదే సంవత్సరము దాసరి సుబ్రహ్మణ్యముగారును చేరిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువది. ఇంకొక రెండేండ్లకు ఆయన వ్రాసిన తొలి జానపద ధారావాహికయే తోకచుక్క. దాని వెనుక ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’ అని మొదలై 1978లో ‘భల్లూక మాంత్రికుడు’ వఱకు పదునొకండు వచ్చినవి. ఒకదాని రాజు మఱొకదానిలో రాడు. అయినను వరుసగా చదివినవారికి అవన్నియు ఒకే సముద్రమున చెదరియున్న దీవులవలె తోచును. ఆ సముద్రమునకు రేవు తోకచుక్క.

కథను ఇచట సాంతముగా చెప్పబోము; చదువని వారికి అన్యాయము చేసినట్లగును. ఆకాశమున తోకచుక్క పొడచూపును. అరిష్టమని జనులు భీతిల్లుదురు. సమరసేనుడు నావలతో సముద్రముమీద పోయి, ఎవరును ఎరుగని ఒక దీవిని చేరును. ఆ దీవిలో ఏకాక్షియని ఒంటికంటి మాంత్రికుడును, చతుర్నేత్రుడని నాలుగు కన్నుల మాంత్రికుడును ఒకరినొకరు తుదముట్టించుటకు పొంచియుందురు. చతుర్నేత్రునికి ఒక గుడ్లగూబ, ఒక నరవానరము ఊడిగము చేయుచుండును. వారి పగకు మూలము ఒక అపార ధనరాశి. నడుమ చిక్కినవాడు సమరసేనుడు. వీరిలో ఎవనిని నమ్మవలెను? నమ్మినచో ఎంతవఱకు? ప్రతి నెలయు కథ సరిగా ఈ ప్రశ్నయొద్దనే ఆగును. ఆ పుట క్రింద ‘ఇంకా ఉంది’ అను మాట చూచినప్పుడు మాకు కలిగిన దుఃఖము ఇప్పటి పిల్లలకు చెప్పినను తెలియదు.

తెలుగువారికి కల్పిత రాజ్యములు క్రొత్తవి కావు. 16వ శతాబ్దముననే పింగళి సూరన పురాణమును ఆశ్రయింపక ‘కళాపూర్ణోదయము’ను కల్పించెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పండ్రెండు భాగములు. కాశికి పోవు మణిసిద్ధుడు మజిలీ మజిలీకి తనవెంట వచ్చు గోపబాలునికి చెప్పు కథలవి. ఆ కథలను ఆధారము చేసికొని విజయావారు 1951లో ‘పాతాళభైరవి’ చిత్రమును తీసిరి. ఆ విజయాసంస్థకును చందమామకును యజమానులు ఒక్కరే. కావున తోకచుక్క ఆకాశమునుండి ఊడిపడినది కాదు. కాని దానిలో ఒక మార్పు కలదని మా అభిప్రాయము. పాత కథలలో వీరుడు రాజకుమార్తెకొఱకు బయలుదేరును. దారిలో మాంత్రికుడు అడ్డువచ్చును. వానిని చంపి పెండ్లాడును. సమరసేనుడు ప్రేమికుడు కాడు, ఉద్యోగి. రాజాజ్ఞకు బద్ధుడు. తన వెంట వచ్చిన సైనికుల ప్రాణములు తన బాధ్యత. మాంత్రికుల శక్తి తనకు లేదని ఎరిగియు, తన కత్తియు తన వివేకమును తప్ప వేఱు దిక్కులేక మెలగవలసినవాడు. ఆఫీసులలో ఇద్దరు పై అధికారుల పంతముల నడుమ నలిగినవారికి ఆయన ఇబ్బంది బాగుగా బోధపడును.

లోపము లేదని అనము. ఆడువారికి ఈ కథలో పని తక్కువ. మా అక్క ఈ మాటను అప్పుడే అనెను.

ఇంకొక సంగతి. అదే 1954వ సంవత్సరము జూలై నెలలో లండనులో జె. ఆర్. ఆర్. టోల్కీను అను ఆచార్యుని ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ వెలువడినది. అదియు ఒక కల్పిత రాజ్యముల గ్రంథమాలకు తొలి సంపుటమే. ఇప్పుడు ప్రపంచమంతట అట్టి పుస్తకములు వచ్చుచున్నవన్న దానికి అది ముఖ్య కారణమందురు. ఆయన భాషాశాస్త్రవేత్త. తన దేశములకు లిపులు, భాషలు, వంశవృక్షములు, పటములు అన్నియు ఏండ్ల తరబడి కూర్చి పిమ్మట కథను అచ్చున కిచ్చెను. మద్రాసులో ఒక ఇరువదిరెండేండ్ల ఉద్యోగి అదే ఏట నెలనెలకు గడువు తఱుముచుండగా కొలది పుటల చొప్పున కుండలినిని నిర్మించుచుండెను. ఒకరి పేరు ఒకరు విని యుండరు. ఆచార్యుని పని గొప్పది. అందు సందేహము లేదు. అయినను కుండలినికి ఒక సౌకర్యము ఉండెను. దాని ధర అణాలలో ఉండెను. రైలెక్కి మా యొద్దకు వచ్చెను.

ఆ దినములలో దేశపటము మారుచుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. అదేనాడు మైసూరు రాష్ట్రమును విస్తరించెను. భాషనుబట్టి గీతలు గీయగా కోలారు జిల్లా ఎప్పటివలె మైసూరులోనే యుండెను. అందు అన్యాయ మేమియు లేదు. మా పెద్దలు ఎవరును ఊరు విడిచిపోవలెనని కోరలేదు. పొలములు ఇచటనే, చెఱువులు ఇచటనే, ఇరుగుపొరుగు కన్నడమువారితో అన్నదమ్ములవలె ఉండిరి. మేము బడిలో కన్నడము చదివితిమి. అది మా అన్నముపెట్టిన భాష. కాని ఒక్క చిక్కు మిగిలెను. తెలుగు ఇంటిలోనే ఉండిపోయెను. దానికి బడి లేదు, పలక లేదు.

పైగా మా తెలుగును గోదావరి ప్రాంతపు చుట్టములు తెలుగనరు. ఒక పెండ్లిలో మా అమ్మ ఆకుకూరను ‘సొప్పు’ అన్నందులకు పందిరి క్రింద కూర్చున్నవారందఱును నవ్విరి. ఆమె ఆ పూట మఱి మాటలాడలేదు. ఇచట తెలుగువారము, అచట కన్నడమువారము. ఇట్టి ఇంటిలో పెరిగిన పిల్లలకు కుండలినీ ద్వీపము ఏమైయుండెనో ఇతరులకు తెలియుట కష్టము. అది గుంటూరు జిల్లాలో లేదు, చిత్తూరు జిల్లాలో లేదు. అచట తెలుగు మాటలాడుదురు, కాని మీరు ఏ జిల్లావారని ఎవరును అడుగరు. రాజమహేంద్రవరపు పిల్లవాడు ఆ తీరమున ఎంత క్రొత్తవాడో టేకలు పిల్లవాడును అంతే క్రొత్తవాడు. ఇద్దరును ఒకే నావలో దిగినవారే. చందమామవారి తెలుగు కూడ అందులకు తగినట్లే యుండెను. తేలిక మాటలు, పొట్టి వాక్యములు, ఒక ఊరి యాస లేని వాడుకభాష. గ్రాంథికమున వ్రాయుచు ఆ వాడుకభాషను మెచ్చుకొనుట వింతగా నుండవచ్చును. మాకు వ్రాత నేర్పిన తాతగారిది ఈ బాణి. చదువు నేర్పినది ఆ బాణి.

చదువు ఎట్లు అబ్బినదో చెప్పెదము. మా వీధిలో ఒక కన్నడపు ఇంటికి కన్నడ చందమామ వచ్చుచుండెను. మా యింటికి తెలుగు చందమామ. రెండింటను కథలు అవియే, ‘చిత్ర’గారు వేసిన బొమ్మలు అవియే. మేము రెండు పత్రికలను అరుగుమీద ప్రక్కప్రక్కన పఱచి, కన్నడపు పంక్తిమీద ఒక వ్రేలు, తెలుగు పంక్తిమీద ఒక వ్రేలు ఉంచి చదువుచుంటిమి. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలే గనుక చాల అక్షరములు వానియంతట అవియే పోల్చుకొనును. తలకట్టు మాత్రము వేఱు. ‘క’, ‘త’, ‘శ’ మొదలగు కొన్ని అక్షరములే మొండికెత్తును. సమరసేనుడను పేరున ఆ చిక్కక్షరములలో ఒక్కటియు లేకుండుట మా అదృష్టము. ఏకాక్షి వచ్చినప్పుడు గాని ‘క’ నేర్చుకొనవలసిన పని పడలేదు. ఒక వేసవి సెలవులు ముగియునప్పటికి వ్రేళ్ల అవసరము తీరిపోయెను.

తోకచుక్క వచ్చినప్పటికి మేము పుట్టనే లేదు. మేము చదివినది మా చిన్నాయన దాచిన ప్రతి. ఆ కాలమున పెక్కు ఇండ్లలో చేసినట్లే ఆయన ప్రతినెలయు ధారావాహిక పుటలను మాత్రము చించి, దబ్బనముతో కుట్టి, మైదాపిండి ఉడికించి అట్ట అంటించెను. అట్ట పైన కన్నడ వార్తాపత్రికయు, లోపల తెలుగు కథయు. అందు ఒక నెల భాగము లేదు. ఆ నెల చందమామ రాలేదో, ఎవరైన తీసికొనిపోయి తిరిగి ఈయలేదో చిన్నాయనకే జ్ఞాపకము లేదు. సమరసేనుడు ఒక పుట చివర ప్రాణాపాయమున నుండును. మఱుపుటలో వేఱొకచోట క్షేమముగా నుండును. ఎట్లు తప్పించుకొనెను? భాగమునకు ముందు వేయు సంగ్రహము రెండు పంక్తులే. అవి మాకు చాలలేదు. అక్క ఆ ఖాళీని తానే పూరించెను. రాత్రి దీపము ఆర్పిన పిదప ఆమె చెప్పు ఆ భాగములో ఒక బోయపిల్ల వచ్చి సమరసేనుని కట్లు కోయును. ఆ పిల్ల తరువాతి భాగములలో ఎచటను కానరాదేమని మేము అడిగితిమి. “వానికి జ్ఞాపకం లేదు, మగవాళ్లకు ఉండదు” అని ఆమె సమాధానము.

మా అవ్వకు చదువు రాదు. ప్రక్కన కూర్చుండి రాగులు చెఱుగుచు వినెడిది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఆమె పసిపిల్ల. “ఆ సుక్కను నేను సూసినాను గదరా అబ్బయ్యా! టేకలు గుట్ట మీదనే తోక పరుసుకొని ఉండె. మా నాయన తలుపులు ఏసి పండుకోమనె” అని ఆమె చెప్పగా, ఆనాటినుండి కుండలినీ ద్వీపము మా గుట్టకు ఆవలి ప్రక్కనే యున్నదని మాకు నిశ్చయమైనది. గోపరాజు చూచి బెదరినది కూడ అట్టి చుక్కనే యని ఇప్పటికిని మాకొక పిచ్చి ఊహ.

ఇదే తీరున దాసరివారి రాజ్యములన్నియు మా జిల్లాకు అతుకుకొనినవి. 1966లో ‘పాతాళదుర్గం’ వచ్చెను. మా చిన్నాయన కోలారు బంగారుగనులలో భూమి క్రింద పని చేసినవాడు. ఛాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు. పాతాళమునకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరు తండ్రులు గల పిల్లలు ఆ గనులచుట్టు వేలకొలది ఉండిరి. వారు అంబులిమామలోనో చందమామలోనో అదే కథను చదివిరి. అడుగున బండ పగిలి పేలినప్పుడు పైన ఇండ్లలో గిన్నెలు కదలుచుండెడివి. అప్పుడు ఆడువారు పని విడిచి గని దిక్కునకు చూచెడివారు. పాతాళమున ఏమి యుండునని మేము చిన్నాయనను అడిగితిమి. “రాయి, ఉక్క” అని ఆయన చెప్పి, కథ తరువాత ఏమయ్యెనో చదువుమనెను. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అప్పటికి ఆయన లేడు.

ఈ కథలను వ్రాసినది ఎవరో మాకు ఏండ్ల తరబడి తెలియదు. అన్ని కథలను చందమామ అను ఒకే పెద్దమనిషి చెప్పుచున్నట్లు భావించితిమి. దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ పత్రికలో 2006 వఱకు, అనగా యాబదినాలుగేండ్లు, పనిచేసి 2010 జనవరిలో విజయవాడలో కాలము చేసిరి. మంత్రములను, మాంత్రికులను మన తలలలో ఇంత బలముగా నాటిన ఆయన స్వయముగా హేతువాది. ఆ సంగతి తెలిసిన తరువాత మఱల చదివి చూడగా, ఆయన మాంత్రికులందఱును తమ మంత్రములచేతనే చెడుచున్నట్లు మాకు తోచినది. చందమామయు 2012 తరువాత ఆగిపోయినది. ధారావాహికలు కొన్ని పుస్తకములుగా వచ్చినవి.

పాత సంచికల ఛాయాప్రతులు అంతర్జాలమున లభించునని మా అల్లుడు చూపగా, మేము ముందుగా వెదకినది ఆ పోయిన భాగమునే. దొరకినది. అందు బోయపిల్ల లేదు. అక్కకు టెలిఫోను చేసి ఆ పుటలు మొదటినుండి చివరివఱకు చదివి వినిపించితిమి. ఆమె మధ్యలో ఒక్క మాటయు అనక విని, “నాదే బాగుంది” అనెను. ఆ మాటను మేమును కాదనలేము.

మా మనుమరాలికి పదునొకండేండ్లు. బెంగుళూరులో ఆంగ్లమాధ్యమమున చదువుచున్నది. రెండవ భాష కన్నడము. పటములతో కూడిన ఆంగ్లపు కల్పిత రాజ్యముల పుస్తకములు, ఒక్కొక్కటి ఇటుకంత లావున నుండునవి, వారమున కొకటి చదివివేయును. తెలుగు విన్నచో సమస్తము బోధపడును, అక్షరము రాదు. కుండలినిని గూర్చి చెప్పగా తానే చదువుకొందుననెను, వినుటకు ఒప్పుకొనలేదు. తెలుగు అక్షరములు నేర్పుటకు ప్రయత్నించితిమి. బడిపనుల నడుమ అది ‘క’యొద్దనే ఆగిపోయినది. ప్రక్కన పఱచుటకు ఇప్పుడు కన్నడ చందమామ లేదు.

చివరకు మేము ఒక పని చేయుచున్నాము. ఇది కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును. మాకును మొదట మనసొప్పలేదు. తోకచుక్కను తెలుగు మాటలలోనే, కన్నడ అక్షరములలో నకలు వ్రాయుచున్నాము. ఆఫీసులో ముప్పదియేండ్లు నకళ్లు వ్రాసిన చేయి గనుక శ్రమ అనిపించదు. తలకట్టు పెట్టవలసిన చోట పెట్టకుండుటకే కొంచెము జాగ్రత్త కావలెను. భాగమున కొక నోటుపుస్తకము. ప్రతి పుటకు ఎడమ ప్రక్క అంచున తెలుగు అక్షరములలో ఒక్క పంక్తి మాత్రము వ్రాసి విడుచుచున్నాము. దానిని చదువుమని చెప్పలేదు. ఇప్పటికి నాలుగు పుస్తకములు అయినవి. పోయినవారము ఆమె నాల్గవదానిని తిరిగి ఇచ్చుచు, అంచున ఉన్న పంక్తులలో ఏకాక్షి పేరు ఎచటనెచట ఉన్నదో పెన్సిలుతో గుండ్రముగా చుట్టి తెచ్చినది. ఒకచోట తప్పుచుట్టినది. అయిదవది ఈ ఆదివారమునకు కావలెనట.